ఊళ్లో లేని పిల్ల

6 జనవరి 2025, సోమవారం
మహబూబ్‌నగర్

పొద్దుటి నుంచి ఒకటే ప్రశ్న. ఎందుకు? అందరికీ ఒకటే జవాబు చెప్పాను. పోవాలనిపించింది, పోతున్నాను. ఆ జవాబు ఎవరికీ ఆనలేదు.

సంగతి ఇది. వేరే దేశపు కంపెనీకి లాప్‌టాప్ మీద పనిచేసే వాళ్లకు మలేషియా ఒక వీసా ఇస్తోంది. పోయి ఏడాది ఉండొచ్చు, మన పని మనం చేసుకోవచ్చు. నాది సింగపూర్ కంపెనీకి యాప్‌లు టెస్ట్ చేసే పని. ఇప్పుడు సావిత్రమ్మ గారి మేడ మీద కిరాయి గదిలో కూర్చుని చేస్తున్నాను. పెనాంగ్‌లో కూర్చున్నా అదే పని, అదే జీతం. మా టీంలో ఒకామె అక్కడి నుంచే కాల్‌లోకి వస్తుంది. ఆమె వెనక కిటికీలో సాయంత్రమైతే చాలు, వాన. నేను బగ్‌ల మీద కంటే ఆ కిటికీ మీదే ఎక్కువ చూపు పెడుతున్నానని నాకు తెలుసు. ఆ కిటికీకి ఇవతల కాదు, అవతల కూర్చోవాలనిపించింది. అంతే. ఇంతకంటే పెద్ద కారణం నా దగ్గర లేదు.

సావిత్రమ్మ గారు, పెండ్లి కుదిరిందా అన్నారు. లేదన్నాను. అక్కడ మనోళ్లెవరన్న ఉన్నరా అన్నారు. లేరన్నాను. జీతం ఎక్కువిస్తరా? ఇవ్వరు. మరి ఈడ ఫ్యాన్ కింద కూసోని చేసేటి పనికి గంత దూరం ఎందుకమ్మా, తిన్నది అరుగుత లేదా అన్నారు.

అవునండీ, అరగకే.

అమ్మకు ఫోన్ చేశాను. దీపావళి పోగానే అమ్మా బాపూ గొర్ల మందను తోలుకుని మిర్యాలగూడ దిక్కు పోయారు. ఏటా అంతే. తొలకరి పడ్డాకే ఇల్లు చూస్తారు. కొత్తకోట దగ్గర మా ఊళ్లో ఇంటికి అప్పటిదాకా తాళం. అమ్మ అంతా విని, బాపుకు నువ్వే చెప్పుకో బిడ్డా అని ఫోన్ ఆయనకిచ్చింది. బాపు కూడా ఎందుకనే అడిగాడు. నేను నోరు తెరిచేలోగా ఫోన్ మళ్లీ అమ్మ చేతికొచ్చింది.

9 జనవరి

హైదరాబాద్‌లో సురేశ్ అని ఒక కన్సల్టెంట్‌ను పట్టుకున్నాను. కాగితాలు చెప్పాడు. కంపెనీ లెటర్, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఇన్సూరెన్స్, పోలీస్ క్లియరెన్స్. వీటితో పాటు ఎందుకు వస్తున్నామో ఒక పేజీ రాసివ్వాలట. దానికి ఆయన దగ్గర టెంప్లేట్ ఉంది. ఇరు దేశాల సంస్కృతుల మధ్య వారధి కావాలన్నది నా చిన్ననాటి కల అట.

నా చిన్ననాటి కల కొత్తకోట హైవే మీద పోయే ఏసీ బస్సు ఎక్కడం. ఆ మాటే చెప్పాను. జోకులొద్దు మేడం, రిజెక్ట్ అయితదన్నాడు.

17 జనవరి

పోలీస్ క్లియరెన్స్‌కు అప్లై చేశాను. పాస్‌పోర్ట్ మీద ఊరి అడ్రసే ఉంది కాబట్టి ఎంక్వైరీ అక్కడే. ఇక్కడి అడ్రస్ పెడదామంటే సావిత్రమ్మ గారు కిరాయి అగ్రిమెంట్ రాసివ్వరు. ఇంటి మీద ఏ కాగితం పుట్టినా ఆమెకు భయం.

పోనీలే. నా మీద కేసులేమున్నాయి? వారంలో వచ్చేస్తుంది.

29 జనవరి, బుధవారం

రాలేదు. రిపోర్ట్ నాకు వ్యతిరేకంగా వచ్చింది. సదరు పేరు గల వ్యక్తి సదరు అడ్రస్‌లో నివసించడం లేదు.

ఎంక్వైరీకి పోయిన కానిస్టేబుల్ పరశురాములు గారికి ఫోన్ చేసి అరిచాను. ఆయన పాపం అరవలేదు. నేను తప్పు రాయలె మేడం, ఇంటికి తాళమున్నది, వాడంత తిరిగి అడిగిన అన్నాడు. సుమన అనే పిల్ల మాకు తెల్వదన్నరు. బీరన్న బిడ్డ అంటే, ఏ బీరన్న అన్నరు. మీ ఎదురింటి ముసలమ్మ అయితే ఆ ఇల్లు ఎవరిదో కూడా తెల్వదన్నది మేడం, ఆ ఇంటి అరుగు మీదనే కూసోని!

ఫోన్ పెట్టేసి నవ్వాను. నవ్వి నవ్వి ఏడుపొచ్చింది.

పరశురాములు గారికి తెలియదు కానీ నాకు తెలుసు. గొర్లు కాసే మా కురుమోళ్ల వాడలో ఖాకీ బట్ట కనబడితే ఎవరికీ ఎవరూ తెలియరు. గొర్లు ప్లాంటేషన్‌లో పడ్డాయని ఫారెస్టు వాళ్లు, ఎవరి చేనులోనో పడ్డాయని పోలీసులు వచ్చేవాళ్లు. పేరు చెబితే మనిషిని పట్టుకుపోతారు. అందుకే పేరు చెప్పరు. పిల్లలకు మాటలు రాగానే ఇది నేర్పుతారు. నాకూ నేర్పారు. ఒకసారి బాపు ఇంట్లో గొంగడి కప్పుకుని పడుకుని ఉంటే నేను గడపలో నిలబడి, మా బాపు ఇంట్లో లేడు, అసలు నాకు బాపే లేడు అని చెప్పాను. ఆ రోజు నాకు బెల్లం ముక్క పెట్టారు.

ఇప్పుడు వాడంతా కలిసి నన్ను కాపాడింది.

30 జనవరి

మా ఊళ్లో నేను లేను. ఇక మలేషియాలో ఎట్లా ఉంటాను?

2 ఫిబ్రవరి, ఆదివారం

ఊరికి పోయి వచ్చాను. బస్సులో ఆధార్ కార్డు చూసి కండక్టర్ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టాడు. నేను ఉన్నానని నమ్మిన ప్రభుత్వోద్యోగి ఆయన ఒక్కడే.

ఎదురింటి గోపమ్మవ్వ నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయి తలుపు దగ్గరికేసింది. నువ్వేం జేసినవో నాకెర్క లేదు బిడ్డా, చేసినా నిన్ను ఇచ్చేస్తనా అంది. ఆమె ముఖంలో ఎంత గర్వమో! ఇంకెట్లా తిట్టేది? నేనేమీ చేయలేదవ్వా, వేరే దేశం పోవడానికి నేనెవరో చెప్పే కాగితం కావాలి, అందుకే వచ్చారని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. నువ్వెవరో మాకెర్కనే కద, పోలీసోళ్లకెందుకు చెప్పాలె?

నిజమే.

వాడలో నలుగురిని కూర్చోబెట్టి మళ్లీ చెప్పాను. మళ్లీ అప్లై చేస్తాను, ఈసారి ఎంక్వైరీకి నాతో పాటు ఇంటి మనిషి ఒకరుండాలి, పక్కింటి వాళ్లు ఇద్దరు సంతకం చేయాలి అని. అందరూ తలలూపారు, ఎవరూ ఒప్పుకోలేదు. ఖాకీ ముందర ఒక ఇంటి పేరెత్తాలంటే ఆ ఇంటి పెద్ద మాటుండాలట. మీ బాపు చెప్పమంటే చెప్తం, లేకుంటే లేదు అన్నారు. కష్టకాలంలో వాడను కాపాడిన కట్టుబాటు అది. నా కోసం ఎందుకు మారుస్తారు?

అంటే బాపు. చివరికి అన్నీ బాపు దగ్గరికే.

8 ఫిబ్రవరి, శనివారం
మిర్యాలగూడ దగ్గర, కాలువ గట్టు

జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ. బస్సులు మారి మారి సాయంత్రానికి మంద దగ్గరికి చేరాను. ఒక రైతు తన చెలకలో రెండు రోజులు మందను ఆపమన్నాడట, ఎరువు కోసం. వలల కంచె, మధ్యలో గొర్లు, పక్కన గుడ్డ డేరా. అమ్మ జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. బాపు నేను తినేదాకా ఆగాడు.

తర్వాత మొదలుపెట్టాడు. గట్టిగా మాట్లాడలేదు. గట్టిగా మాట్లాడితే నాకు తేలికగా ఉండేది.

మన పాలమూరోడు ఊరు దాటిండంటే కరువన్న ఉండాలె, అప్పన్న ఉండాలె అన్నాడు. మీ తాత బొంబాయి పోయిండు, మట్టి ఎత్తిండు. నేను గొర్లెంబడి తిరుగుతున్న. గది బతుకుదెరువు, ఎవలూ ఏమనరు. నీకేం తక్కువైంది? కడుపు నిండినంక ఆడిపిల్ల దేశం దాటి పోతే నలుగురు ఏమనుకుంటరు? ఏదో తప్పు చేసి పోయిందంటరు. ఎవడెంబడో పోయిందంటరు. ఎందుకు పోతున్నవో చెప్పు, నేను నలుగురికి చెప్పుకుంట.

నాకు కోపం వచ్చింది. బాపు మీద కాదు, బాపు మీద కూడా. మా జిల్లా వాళ్లు దేశమంతా తిరిగారు. డ్యాములు కట్టారు, రోడ్లు వేశారు. అంత తిరిగిన వాళ్లలో ఒక్కరికైనా ఆ ఊళ్లు చూడాలని పోయే భాగ్యం దక్కిందా? ఆకలితో పోతే గౌరవం, ఇష్టంతో పోతే తప్పు. ఇదెక్కడి న్యాయం?

అదే అన్నాను. ఏం తక్కువ కాలేదు బాపూ, అందుకే పోతున్నాను. మన ఇంట్లో ఏమీ తక్కువ కాకుండా ఊరు దాటే మొదటి మనిషిని నేనే అవుతాను అన్నాను. అబద్ధం ఆడితే వాడ ఊరుకుంటుంది, నువ్వూ ఊరుకుంటావు. కంపెనీ పొమ్మన్నదంటే చాలు. కానీ ఆడను.

బాపు లేచాడు. ఖాకీ ముందర నేను నోరిప్ప అన్నాడు. కర్ర తీసుకుని గొర్ల దిక్కు పోయాడు.

10 ఫిబ్రవరి, సోమవారం

కాలువ గట్టు మీద హాట్‌స్పాట్ పెట్టుకుని, మా టీం రోజూ పెట్టుకునే స్టాండప్ కాల్‌లో కూర్చున్నాను. నిన్ననే తిరిగి పోవాల్సింది. పోలేదు. పోతే ఓడినట్టు ఉంటుంది. మ్యూట్ తీయగానే ఒక పొట్టేలు గొంతెత్తింది. సింగపూర్ నవ్వింది. అవి ఎవరివని టీం లీడ్ అడిగాడు. మావే అన్నాను. ఎన్నేళ్లుగానో ఆఫీసులో ఎవరికీ చెప్పని మాట, నోటి నుంచి అట్లా వచ్చేసింది.

బాపు దూరం నుంచి చూస్తూనే ఉన్నాడు.

11 ఫిబ్రవరి

పొద్దున కాలువలో బట్టలు పిండుతూ అమ్మ ఒక మాట చెప్పింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ అననిది.

ఊర్ల ఉంటే నాకు ఊపిరాడది బిడ్డా అంది. పొద్దందాక ఎవలో ఒకలు పిలుస్తనే ఉంటరు. మందెంబడి పోతుంటే మంచిగుంటది. రోజుకో చెట్టు, రోజుకో చెరువు. దీపావళి ఎప్పుడొస్తదా అని చూస్త. నీ మోకాళ్లు నొస్తున్నయి, ఈ ఏడు ఊర్లనే ఉండు అని మీ బాపు అంటే, నువ్వు ఒక్కనివి గోసపడుతవని చెప్పి వచ్చిన. ఆయన కోసం కాదు. నా కోసమే వచ్చిన.

ఇది బాపుకు తెలుసా అన్నాను. అమ్మ చీర జాడిస్తూ, ఎందుకు చెప్పాలె అంది.

ఇరవై ఆరేళ్లుగా మా అమ్మ పాపం కష్టపడి మంద వెంట నడుస్తోందని జాలిపడ్డాను. నా జాలిని తగలెయ్య.

ఎంక్వైరీ రోజు చెప్పు, నేనొస్త అంది అమ్మ. మంద మధ్యలో వదిలి ఏ ఆడమనిషీ ఊరికి రాదు. చావుకు తప్ప.

24 ఫిబ్రవరి, సోమవారం
ఊరు

చాలా పొద్దుపోయింది. అయినా రాస్తాను.

అమ్మ నిన్ననే వచ్చి తాళం తీసి, వాకిలి ఊడ్చి, అలికింది. పరశురాములు గారు పదకొండింటికి బండి మీద వచ్చాడు. బండి దిగీ దిగగానే గోపమ్మవ్వ అరుగు మీద నుంచి, ఎవలు కావాలె సారూ, ఆ ఇంట్ల ఎవలూ ఉండరు అనేసింది. అలవాటు! మేమిద్దరం గడపలోనే నిలబడి ఉన్నాం. అమ్మ, అత్తా జర ఊకో అని అరిచింది. పరశురాములు గారు హెల్మెట్ తీసి, నాకు తలనొప్పి లేపకుండ్రి అన్నట్టు అందరి వంక చూశాడు.

నేనే తల్లిని అని అమ్మ చెప్పింది. సంతకాలు ఎవరు చేస్తారని ఆయన అడిగాడు. వాడంతా నేల చూపులు. బీరన్న మాట రాలేదు కదా! సరే ఆ బీరన్నకే ఫోన్ కలుపుండ్రి అన్నాడు. అమ్మ ఫోన్ కలిపింది. స్పీకర్ పెట్టింది. వాడంతా చుట్టూ మూగింది.

నేను ఫలానా స్టేషన్ కానిస్టేబుల్‌ను మాట్లాడుతున్న, సుమన నీ బిడ్డనేనా అన్నాడు పరశురాములు గారు.

ఏ సుమన? నాకు తెల్వదు సారు అన్నాడు బాపు.

అలవాటుకే అన్నాడో, కోపానికే అన్నాడో నాకు తెలియదు. గోపమ్మవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పరశురాములు గారు పెన్ను మూయబోయాడు.

అమ్మ ఫోన్ లాక్కుంది. ఏమయ్యో, నేను పుష్పను, వాడంత వింటున్నది, ఒక్కసారి మల్ల చెప్పు, బిడ్డ నీకు తెల్వదా అంది. ఎందుకు పోతదని అడుగుతున్నవు కద, నన్ను అడిగినవా ఏనాడన్న? నేను నీ ఎంబడి ఎందుకొస్తున్ననో అడిగినవా? నాకు తిరుగుడు ఇష్టమయ్యా. నాకిష్టమయ్యే వస్తున్న. అది నా బిడ్డ, దానికీ గదే బుద్ధి.

అంత జనంలో, ఖాకీ ముందర, మా అమ్మ ఆ మాట అన్నది.

అటు నుంచి గొర్ల అరుపులు తప్ప ఏమీ లేదు. కట్ అయిందేమో అనుకున్నాం. అప్పుడు బాపు గొంతు వచ్చింది. నా బిడ్డనే సారు, రాసుకో అన్నాడు. ఇల్లు గదే. మేం తిరుగుతుంటం, మల్ల వస్తుంటం. ఆమె గూడ గంతే. తాళం ఉన్నదని లేరని రాయకుండ్రి.

సంతకాలకు వాడంతా ముందుకొచ్చింది. ఇద్దరు చాలంటే వినలేదు. గోపమ్మవ్వ వేలిముద్ర అడక్కుండానే వేసింది. పోతూ పోతూ పరశురాములు గారు, ఇంతకీ ఎందుకు పోతున్నరు మేడం అన్నాడు. నేను నోరు తెరిచేలోగా వాడంతా ఒక్కటై అన్నది, ఇష్టమై పోతాంది సారు!

25 ఫిబ్రవరి

బాపు పోలీసులకు చెప్పాడు. నాతో మాత్రం మాట్లాడలేదు. అమ్మ ఫోన్ ఇస్తే, పని ఉందన్నాడట.

6 మార్చి

పోలీస్ క్లియరెన్స్ వచ్చింది. నేను ఉన్నాను!

9 మార్చి, ఆదివారం

సురేశ్ టెంప్లేట్‌ను డిలీట్ చేశాను. నా పేజీ నేనే రాశాను. పేజీ కాదు, నాలుగు ముక్కలు. నాకు పని ఉంది, ఇల్లు ఉంది. ఆకలి లేదు, అప్పు లేదు. మీ దేశం చూడాలని ఉంది. ఏడాదిలో మా ఊరికి వెళ్లిపోతాను.

ఇది పంపిస్తే నా బాధ్యత లేదన్నాడు సురేశ్. నీ బాధ్యత ఎవరడిగారు?

3 ఏప్రిల్

వీసా వాళ్ల నుంచి మెయిల్. కారణం స్పష్టంగా లేదు, వివరంగా రాయండి అని. సురేశ్ ఫోన్ చేసి, చెప్పిన్నా లేదా అన్నాడు. సావిత్రమ్మ గారు అల్లం పచ్చడి ఇవ్వడానికి పైకొచ్చి, ఏదో ఒకటి రాసి పడెయ్యమ్మా, పని కావాలె గని అన్నారు. నాకూ అదే అనిపించింది. అబద్ధం రాస్తే పోయేదేముంది? టెంప్లేట్ రీసైకిల్ బిన్‌లోనే ఉంది. తెరిచాను కూడా.

కానీ ఆ రోజు అమ్మ వాడ ముందర నిలబడి అన్న మాటకు ఇప్పుడు నేను రంగులు పూయాలా? పూయను. అవే నాలుగు ముక్కలు మళ్లీ రాశాను. కింద ఒక ముక్క కలిపాను. మా ఇంట్లో ఆడవాళ్లం తిరగడానికి ఇష్టపడతాం.

పంపించేశాను. రాకపోతే రాకపోనీ. పచ్చడి మాత్రం బాగుంది.

22 ఏప్రిల్, మంగళవారం

వచ్చింది.

అమ్మ ఫోన్‌లో ఒక్క కేక పెట్టింది, గొర్లు బెదిరి ఉంటాయి. బాపుకు చెప్పావా అన్నాను. విన్నడు, ఏమనలే అంది.

17 మే, శనివారం
శంషాబాద్ ఎయిర్‌పోర్ట్

ఎవరూ రాలేదు. మంద ఇంకా ఊరు చేరలేదు. రమ్మని నేనూ అనలేదు. అమ్మ పొద్దున ఫోన్ చేసి ఏడ్చింది, నవ్వింది. బాపు పక్కనే ఉన్నాడట. ఉన్నాడని అమ్మ చెబితేనే తెలిసింది.

కారణం చెప్పి ఉంటే, ఏదో ఒక అబద్ధం చెప్పి ఉంటే, ఈ మూడు నెలలు ఆయన నాతో మాట్లాడేవాడు. ఆ సంగతి తెలుసు. తెలిసే చెప్పలేదు. ఇప్పుడు మాత్రం ఫోన్ వంకే చూస్తున్నాను.

బోర్డింగ్ అంటున్నారు. పోతున్నాను.

15 జూన్, ఆదివారం
పెనాంగ్

బాపు ఫోన్ చేశాడు. తనే చేశాడు. తొలకరి పడిందట, మంద ఊరికి మర్లి ఇల్లు చేరిందట.

ఆడ గడ్డి ఎట్లుంది బిడ్డా అన్నాడు.

కిటికీలోంచి చూశాను. మోకాలెత్తు ఉంది బాపూ, పచ్చగా ఉంది, మేసేటివే లేవు అన్నాను.

గట్లయితె అప్పుడే మర్లకు అన్నాడు.